ఊరు మన మాట నమ్మాలంటే: పల్లెల్లో పనికి దిగే కొత్తవాళ్లకు

"మీరొస్తరు, రాసుకుంటరు, పోతరు. మళ్ల జాడనే ఉండదు."

నల్గొండ జిల్లా మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు ఏ ఊరికి పోయినా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. మంచినీళ్ల మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఊళ్లతో మాట్లాడే బాధ్యత నాది. కొత్తగా చేరిన పిల్లలు మొదటి రోజే ఈ మాట విని మొహం చిన్నబుచ్చుకుని వస్తారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పంచాయతీలో, ఆస్పత్రిలో, కంపెనీల తరఫున ఊళ్లలో తిరిగేవాళ్లకూ పనికొస్తుంది.

ప్రజా సంబంధాలు అనగానే కరపత్రం, ఫ్లెక్సీ, పేపర్లో ఫొటో గుర్తొస్తాయి. అవీ కావాలి. కానీ వాటితో నమ్మకం రాదు. ఊరు అడిగినదానికి జవాబు పట్టుకుని మళ్లీ అదే ఊరికి, అడిగిన మనిషి దగ్గరికే పోవాలి. జవాబు "కాదు" అయినా సరే పోవాలి. నేను ఈ పనిలో నేర్చుకున్నది ఇదొక్కటే, కింద చెప్పే పద్ధతులన్నీ దీన్నుంచి వచ్చినవే.

ఈ ప్రాంతం తెలియనివాళ్లకు కొంచెం వెనక సంగతి చెప్పాలి. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. జనం "ఫ్లోరిన్" అంటారు, మీరూ అలాగే అనండి. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. దాన్ని మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దవాళ్ల కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముకలు వంగిపోతాయి. ఈ బాధ దేశానికి తెలియాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి ఏకంగా 480 మంది నిలబడ్డారు. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి చేసిన పని అది. లోక్‌సభకు నామినేషన్ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది కూడా ఆ ఏడాదే. మన గొంతు ఢిల్లీకి ఎలా వినిపించాలో ఈ జిల్లా జనానికి మనం నేర్పేదేమీ లేదు. అది మనసులో పెట్టుకుని ఊళ్లోకి పోవాలి.

తర్వాత 2015లో చౌటుప్పల్‌లో, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే రాష్ట్ర పథకం మిషన్ భగీరథ పైలాన్ లేచింది, పైపులు వచ్చాయి, కృష్ణ నీళ్లు వచ్చాయి. అయినా ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో నల్లా నీళ్లు గిన్నెలు కడగడానికి, తాగడానికి ఇరవై లీటర్ల క్యాను. నీళ్లు ఇంటి ముందుకు వచ్చాయి కానీ వాటి మీద నమ్మకం ఇంకా రాలేదు. మా పనంతా ఈ రెండింటి మధ్యే.

మీటింగ్ పెట్టకముందు

మొదటిసారి పోయినప్పుడు మీటింగ్ పెట్టకండి. సర్పంచ్‌కీ, పంచాయతీ సెక్రటరీకీ ముందే ఫోన్ చేసి వస్తున్నామని చెప్పండి. చెప్పకుండా పోవడం మర్యాద కాదు. అలాగని సర్పంచ్ ఇంట్లో చాయ్ తాగి, ఊరి సంగతంతా అక్కడే రాసుకుని రావద్దు. ఏ ఊళ్లో అయినా రెండు వర్గాలుంటాయి. మీరు ఎవరి అరుగు మీద ఎంతసేపు కూర్చున్నారో సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. మొదటి రోజే ఒక వర్గం మనుషులైపోతే ఆ తర్వాత ఎంత నిజం చెప్పినా సగం ఊరు వినదు.

పొద్దున ఆరింటికల్లా ఊళ్లో ఉండండి. నీళ్లు వదిలే ఆయన వెంట ట్యాంకు నుంచి చివరి వాడ దాకా నడవండి. ఎక్కడ నీళ్లు ధారగా వస్తున్నాయి, ఎక్కడ సన్నగా వస్తున్నాయి, ఏ ఇంట్లో మోటరు పెట్టి గుంజుతున్నారు, పైపు ఎక్కడ మోరీలోంచి పోతోంది, ఇవన్నీ కళ్లతో చూసినవాళ్లకే మాట్లాడే హక్కు వస్తుంది. చివరి ఇంటికి నీళ్లే అందని ఊళ్లో "నల్లా నీళ్లు తాగండి" అని పాంప్లెట్ పంచితే జనం మొహానే అడుగుతారు, అడగాలి కూడా.

ఆ నడకలోనే ఇంకోటి కనుక్కోండి. ఊళ్లో పింఛను ఆగిపోతే ఎవర్ని అడుగుతారు? పిల్లకు జ్వరమొస్తే మొదట ఎవరి దగ్గరికి పోతారు? కొన్ని చోట్ల ఆశా అక్క పేరు చెబుతారు, కొన్ని చోట్ల మహిళా సంఘం లీడరు, కొన్ని చోట్ల ఆర్‌ఎంపీ డాక్టరు లేదా రేషన్ డీలరు. పదవి ఉన్నవాళ్లే అయ్యుండాలని లేదు. మీ మాట ముందు వాళ్లకు అర్థం కావాలి. వాళ్లకు అనుమానాలుంటే తీరేదాకా కూర్చోండి. రేపు మీరు ఊళ్లో లేనప్పుడు మీ తరఫున మాట్లాడేది వాళ్లే.

ప్రశ్నల పుస్తకం

పొడుగు నోటుబుక్కు ఒకటి కొనండి. ప్రతి పేజీలో నాలుగు గడులు గీయండి: ఎవరు అడిగారు, ఏమడిగారు, ఏ తేదీలోగా జవాబు చెబుతామన్నాం, ఏం చెప్పాం. మా దగ్గరున్న పనిముట్లన్నిట్లో నేను వదులుకోలేనిది ఒకటుంటే అది ఈ పుస్తకమే.

ప్రశ్నను అడిగిన మనిషి మాటల్లోనే రాయాలి. "మా వాడకు పదిహేను రోజులకోపారి గూడ నీళ్లు రావు" అంటే అట్లనే రాయండి, "సరఫరా సక్రమంగా లేదు" అని మార్చకండి. రాసిందాన్ని అక్కడే పైకి చదివి, "అన్నా, నువ్వన్నది ఇదేనా?" అని అడగండి. చదువు రానివాళ్లు కూడా తమ మాట కాగితం మీదికి ఎక్కిందని వాళ్ల చెవులతో వినాలి.

తేదీ గడిలో తేదీయే ఉండాలి. "తొందర్లోనే", "పై అధికారులతో మాట్లాడి" లాంటివి అందులో రాయనివ్వను. పదిహేను రోజులు పడుతుందనుకుంటే నెల రోజుల తేదీ వేయండి. ఆ తేదీకి జవాబు దొరకకపోయినా పోయి, "ఇంకా దొరకలేదు, ఇక్కడిదాకా వచ్చింది" అని చెప్పి కొత్త తేదీ వేయండి. మీటింగ్ పెట్టిన ప్రతిసారీ మొదట పాత పేజీ చదవాలి, జవాబులు చెప్పాలి, ఆ తర్వాతే కొత్త ముచ్చట. గెస్టు వచ్చినా, కలెక్టరే వచ్చినా ఈ వరస మార్చవద్దు.

పుస్తకం ఊళ్లోనే ఉండాలి. మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య ఆఫీసులో కానీ, అంగన్‌వాడీలో కానీ. మనం పేజీలు ఫోన్లో ఫొటో తీసుకుంటే చాలు. మన బ్యాగులో పెట్టుకుని పోయే పుస్తకం మనదవుతుంది. వాళ్ల దగ్గరున్నదాన్ని తెరిచి "ఇదేమైంది?" అని వాళ్లే మనల్ని నిలదీస్తారు. అలా నిలదీయడం మొదలైన ఊళ్లో పని బాగా నడుస్తోందని నా లెక్క.

కొన్ని ప్రశ్నలు మన చేతిలో ఉండవు, ఆఫీసులో ఉంటాయి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అర్జీ ఊరివాళ్ల పేరు మీదే పెట్టించి, ఇచ్చిన రసీదును పుస్తకంలో అంటించండి. కాగితాలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబును గ్రామసభలో చదివి వినిపించండి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మన రాష్ట్రంలో రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి, కాబట్టి విడిగా మీటింగ్ పెట్టే కష్టం లేదు. ఉపాధి హామీ సామాజిక తనిఖీ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఇంటింటికీ తిరిగి లెక్కలు సరిచూసి, ఆఖరికి మండల ప్రజావేదికలో అందరి ముందు చదువుతారు. పేరు, పని, డబ్బు పైకి చదువుతుంటే వెనక కూర్చున్నవాళ్లు కూడా ముందుకు జరుగుతారు.

అన్నిటికన్నా కష్టమైనవి మంచి జవాబు లేని ప్రశ్నలు. కర్ర పట్టుకుని నడిచే ఒక అవ్వ నన్ను అడిగింది: "బిడ్డా, గీ నల్లా నీళ్లు తాగితె నా మోకాళ్లు సక్కగైతయా?" డాక్టరుతో మాట్లాడి, తర్వాతి మీటింగ్‌లో ఆమె పక్కనే కూర్చుని చెప్పాను. "కావు అవ్వా. వంగిన బొక్క నీళ్లతో సక్కగ కాదు. ఇప్పుడున్నదానికంటె ఎక్కువ కాకుండ ఆపొచ్చు. నీ మనవరాలికి మాత్రం ఈ బాధ రాకుండ చెయ్యొచ్చు." ఆమెకు కోపం వచ్చింది, లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాతి నెల వచ్చి, అంగన్‌వాడీలో పప్పు ఏ నీళ్లతో వండుతున్నారని అడిగింది. ఎన్నో ఇళ్లలో తాగడానికి మంచినీళ్లు తెచ్చుకుని వంట మాత్రం బోరు నీళ్లతోనే చేస్తారు, ఫ్లోరిన్ అన్నంతో, పప్పుతో కడుపులోకి పోతూనే ఉంటుంది. ఎన్ని పోస్టర్లు వేసినా ఊళ్లో ఎవరూ పట్టించుకోని ఆ సంగతిని ఆమె ఒక్క ప్రశ్నతో బయటికి తెచ్చింది.

పరీక్ష వాళ్ల చేతులతోనే

"ల్యాబులో పరీక్ష చేయించాం, నీళ్లు మంచివే" అంటే ఎవరూ నమ్మరు. నమ్మాల్సిన అవసరమూ లేదు. ఫీల్డ్ టెస్ట్ కిట్ ఊళ్లోకి తీసుకుపోండి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు ఈ కిట్ వాడడం నేర్పాలని ఉంది. మీ ఊళ్లో నేర్చుకున్నవాళ్లుంటే వాళ్లతోనే చేయించండి, లేకపోతే మీరే నేర్పండి.

సంఘం మీటింగ్ అయిపోయే వేళ మూడు గ్లాసులు పెట్టండి. ఒకదాంట్లో బోరింగు నీళ్లు, ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఒకదాంట్లో క్యాను నీళ్లు. ఆ నీళ్లు ఎవరి ఇంటి నుంచి తేవాలో మహిళలే చెప్పాలి. మందు చుక్కలు వాళ్లే వేయాలి. గులాబీ రంగు పసుపు వైపు తిరిగినకొద్దీ ఫ్లోరిన్ ఎక్కువని అర్థం. కిట్‌తో వచ్చిన రంగుల కార్డు పక్కన పెట్టి పోల్చమనండి. ఎంత వచ్చిందో మీరు చెప్పకండి, వాళ్లను చెప్పనివ్వండి. "అక్కా, ఇది ఎంతకు దగ్గరగుంది?" అని అడిగితే చాలు, గదిలో అందరూ కార్డు మీద పడతారు.

క్యాను నీళ్లను ఈ పరీక్షలో పెట్టేముందు ప్లాంట్ నడిపే ఆయనకు చెప్పండి, వీలైతే పిలవండి. ఆయనా ఊరివాడే, అప్పు చేసి ప్లాంట్ పెట్టుకున్నాడు. ఆయన కడుపు కొట్టడానికి వచ్చామని పేరు పడితే పని ముందుకు పోదు. ఏ నీళ్లను తిట్టవద్దు. రంగు చూపించి ఊరుకోండి.

నల్లా నీళ్ల మీద ఎక్కువమంది చెప్పేది వాసన గురించి. అది క్లోరిన్ వాసన. చివరి నల్లా దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు క్లోరిన్ మిగిలి ఉండాలి, లేకపోతే దారిలో పైపు పగిలిన చోట మురికి కలిస్తే క్రిములు చావవు. బిందె మీద మూత తీసి కాసేపు ఉంచితే వాసన తగ్గుతుందని చెప్పండి. మరగబెడితే ఫ్లోరిన్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇది మాత్రం ప్రతి మీటింగ్‌లో చెప్పండి.

ఫలితాన్ని పంచాయతీ గోడ మీద రాయించండి. తేదీ, ఏ నల్లా, ఎంత వచ్చింది, పరీక్ష చేసిన ఇద్దరు మహిళల పేర్లు వాళ్లు ఒప్పుకుంటేనే. మన సంస్థ పేరు కింద చిన్నగా ఉంటే చాలు. తర్వాతి పరీక్ష ఎప్పుడో కూడా రాయండి. పాత తేదీ అలాగే ఉండిపోయిన గోడ మన పరువు తీస్తుంది, కాబట్టి మళ్లీ రాయించే డబ్బులు ముందే పక్కన పెట్టుకోండి.

చాటింపు, మైకు, వాట్సాప్

ఇప్పటికీ ఊళ్లో అందరికీ ఒకేసారి మాట చేరవేసేది డప్పు చాటింపు, పంచాయతీ మైకు. చాటింపు మాటలు కాగితం మీద రాసి ఇచ్చేయకండి. వేసే ఆయనతో కూర్చుని ఆయన నోటికి తిరిగేలా కుదుర్చుకోండి. పొద్దుగూకాక, జనం పొలాల నుంచి ఇళ్లకు చేరాక వేయించండి. మేము వాడే నమూనా ఇలా ఉంటుంది:

"రేపు పొద్దున పైపు రిపేరుంది. నల్లా నీళ్లు రావు. ఇయ్యాల రాత్రే పట్టుకోండ్రి. ఎల్లుండి వస్తయా రావా అన్నది రేపు సాయంత్రం మళ్ల చాటిస్తం."

ఆఖరి వాక్యం చాలా ముఖ్యం. నీళ్లు ఎప్పుడొస్తాయో మనకు తెలియకపోవచ్చు, మళ్లీ ఎప్పుడు చెబుతామో మాత్రం మన చేతిలో ఉంది. రేపు సాయంత్రం చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా చాటింపు వేయించాల్సిందే.

వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్‌లు పెట్టకండి, ఎవరూ తెరవరు. అర నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి, అదీ ఊరివాళ్లకు తెలిసిన గొంతుతో. నీళ్లలో ఏదో కలిసిందని పుకారు పుట్టినప్పుడు "ఇది అబద్ధం" అని మెసేజ్ కొడితే ఇంకా పాకుతుంది. నేరుగా ఆ వాడకు పోయి, అక్కడే నీళ్లు పట్టి, అక్కడివాళ్ల ముందు పరీక్ష చేసి, ఆ వీడియో గ్రూపులో పెట్టండి. తప్పు నిజంగానే ఉంటే బయటివాళ్లకంటే ముందు మనమే చెప్పాలి. ఏ నల్లా నీళ్లు తాగకూడదు, ఎప్పటిదాకా, అప్పటిదాకా ట్యాంకర్ ఎక్కడ నిలబడుతుంది, ఈ మూడూ చెప్పాలి.

కళాజాత (పాటలు, ఆటలతో చెప్పే ప్రదర్శన) పెట్టిస్తే జనం బాగా వస్తారు. పాట అయిపోగానే పంపేయకుండా, అక్కడే ప్రశ్నల పుస్తకం తెరవండి.

ఫొటోల గురించి

ఫ్లోరోసిస్‌తో, అంటే ఫ్లోరిన్ నీళ్లతో వచ్చే జబ్బుతో, ఒళ్లు వంగిపోయిన మనుషులను ఎన్నో ఏళ్లుగా బయటివాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుపోయారు. నిలబడమన్నారు, నడవమన్నారు, చొక్కా తీయమన్నారు. ఆ ఫొటోలు ఎక్కడెక్కడో అచ్చయ్యాయి, ఆ ఇంటికి ఒక్క కాపీ రాలేదు. మన సంస్థ ఆ వరసలో చేరడానికి వీల్లేదు.

మా పద్ధతి చెబుతాను. మొదటిసారి కలిసినప్పుడు ఫోన్ జేబులోంచి తీయం. ఫొటో అవసరమైతే ఎందుకో, ఎక్కడ వేస్తామో చెప్పి అడుగుతాం, ఇంట్లో ఇంకొకరు పక్కన ఉన్నప్పుడే అడుగుతాం. వద్దంటే అక్కడితో సరి, రెండోసారి అడగం. పిల్లల వంగిన కాళ్ల ఫొటోలు అసలు తీయం. తీసినదాన్ని ముందు వాళ్లకే చూపిస్తాం, నచ్చకపోతే వాళ్ల ముందే డిలీట్ చేస్తాం. ప్రింటు తీయించి ఇంటికి తీసుకుపోయి ఇస్తాం. ఆ మనిషి వ్యవసాయం చేస్తుంటే పొలంలో, కుట్టుపని చేస్తుంటే మిషన్ దగ్గర, వాళ్లు ఎలా కనిపించాలనుకుంటే అలా తీస్తాం. డబ్బిచ్చేవాళ్లు "ఇంకా గుండె కదిలించే ఫొటోలు" కావాలని అడుగుతారు. ఇవ్వలేమని చెప్పడం కూడా ప్రజా సంబంధాల పనే, ఆ మాట ఆఫీసులో గట్టిగా చెప్పండి.

మండల విలేకరులతో మంచిగా ఉండండి. ప్రెస్ నోట్ ఒక పేజీ దాటనివ్వకండి, ఊరి పేరు, మనుషుల పేర్లు తప్పు పోకుండా చూడండి. ఊరికి చెప్పని సంగతి పేపరుకు ముందు చెప్పవద్దు.

పాలమూరు వైపు పోతే

నారాయణపేట, కోస్గి, మద్దూరు పల్లెల్లో సగం ఇళ్లకు తాళాలుంటే ఊరు పట్టించుకోవడం లేదని అనుకోకండి. మనుషులు ముంబైలో పనిలో ఉంటారు. దసరాకో, ఉగాదికో, పీర్ల పండుగకో వస్తారు. ముఖ్యమైన మీటింగ్ అప్పుడు పెట్టండి, మిగతా రోజుల్లో ఇంట్లో ఉన్న ముసలివాళ్ల ముందే ముంబైకి ఫోన్ కలిపి మాట్లాడండి. ఎందుకంటే ఇంటి ఖర్చు మీద మాట అక్కడి నుంచే వస్తుంది. మక్తల్ దాటి కృష్ణ వైపు పోతే కన్నడ తెలిసినవాళ్లను వెంట పెట్టుకోండి. దేవరకొండ, చందంపేట తండాల్లో లంబాడీ మాట్లాడే అమ్మాయి చెబితే ఆడవాళ్లు అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. అమ్రాబాద్ చెంచు పెంటల్లో (చెంచుల గూడేలను పెంటలంటారు) తొందరపడవద్దు. వాళ్లు మాట్లాడేదాకా కూర్చోండి.

ఎక్కడైనా వరినాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు పగటి మీటింగ్ పెట్టకండి. కూలి పోగొట్టుకుని ఎవరూ రారు, రమ్మనడం న్యాయమూ కాదు.

పెద్ద ప్రాజెక్టుల తరఫున పనిచేసేవాళ్లకు ఒక మాట. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. అది చట్టం అడిగే కనీసం మాత్రమే. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మాట రాగానే అచ్చంపేట, అమ్రాబాద్ జనం ఎలా లేచారో, ఆ సెప్టెంబరులో తవ్వకాలు వద్దని అసెంబ్లీ ఎలా తీర్మానం చేసిందో మనందరం చూశాం. భూమి, నీళ్లు పోతాయేమోనన్న చోట కరపత్రం ఎవరినీ ఒప్పించదు. జనం వద్దంటే ఆ మాటను ఉన్నదున్నట్టుగా పైకి చేర్చడం కూడా మీ పనే.

పని ముగిసినప్పుడు

ప్రాజెక్టు గడువు అయిపోయే మూడు నెలల ముందే ఊరికి తేదీ చెప్పండి. ఆఖరి మీటింగ్‌లో ప్రశ్నల పుస్తకం మొదటి పేజీ నుంచి చదివి, జవాబు దొరకనివాటికి విడిగా జాబితా రాయండి. ఒక్కోదానికి ఎదురుగా ఏ ఆఫీసును, ఏ అధికారిని అడగాలో రాసి, ఇప్పటిదాకా పెట్టిన అర్జీల రసీదులు జత చేయండి. టెస్ట్ కిట్ మందు ఎప్పటిదాకా పనికొస్తుందో, అయిపోతే ఎక్కడ అడగాలో పరీక్ష చేసే మహిళలకు చెప్పండి. పుస్తకం గ్రామ సమాఖ్యకు అప్పగించి, తీసుకున్నట్టు అందులోనే సంతకం చేయించండి, ఒక కాపీ పంచాయతీ సెక్రటరీకి ఇవ్వండి. వాట్సాప్ గ్రూప్‌ను మూసేయకుండా ఊరివాళ్లలో ఇద్దరిని అడ్మిన్లుగా పెట్టండి. మీ ఫోన్ నంబరు మాత్రం మార్చకండి.